తాళాలు చేతికొచ్చిన తర్వాత: నల్గొండ, పాలమూరు కాలనీలకూ కిరాయిదారులకూ బయటి దేశాల అనుభవం

మీరు ఒకే ఉత్తరంలో రెండు ప్రశ్నలు అడిగారు. మొదటిది మీ అన్నగారికి మంజూరైన డబుల్ బెడ్రూం ఇంటి గురించి. అంతస్తుల బ్లాకులో 24 కుటుంబాలు ఉన్నాయని, బోరు మోటారు కాలిపోయి నెలలు గడుస్తున్నా బాగు చేయించేవారు లేరని, పై అంతస్తులో ఉన్నవాళ్లు బిందెలతో నీళ్లు మోసుకుంటున్నారని రాశారు. రెండోది మీ గురించి. నల్గొండలో రెండు గదుల పోర్షన్‌లో కిరాయికి ఉంటున్నారు, పదకొండు నెలలకోసారి కిరాయి పెరుగుతోంది, సొంత జాగా లేనందువల్ల ఇందిరమ్మ ఇంటి దరఖాస్తు ముందుకు కదలలేదు. వియన్నాలో దాదాపు సగం మంది నగరపాలక సంస్థ ఇళ్లలోనో, ప్రభుత్వ సాయంతో కట్టిన ఇళ్లలోనో ఉంటారని, స్వీడన్‌లో కిరాయిదారుల సంఘమే ఓనర్లతో బేరమాడుతుందని చదివానని, అందులో మనకు పనికొచ్చేది ఏమైనా ఉందా అని అడిగారు. సంఘం పెడితే మీ ఇంటి ఓనరుతో మాట పట్టింపులు వస్తాయేమోనన్న భయం కూడా చెప్పారు.

ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో ఇళ్ల పథకాల పనిలో చాలా ఏళ్లు ఉండి, ఆ తర్వాత కాలనీ సంఘాలకు సలహాలిస్తూ వస్తున్న మనిషిగా నాకు తెలిసినంత వరకు వివరంగా రాస్తాను. బయటి దేశాల గురించి మన దగ్గర మాట వచ్చినప్పుడల్లా చర్చ ఇంటి నమూనా మీదికి, గోడల సాంకేతికత మీదికి, చదరపు అడుగుల మీదికి వెళ్లిపోతుంది. ఆ విషయాల్లో మనం పెద్దగా వెనుకబడలేదు. 2015లో మొదలైన డబుల్ బెడ్రూం పథకంలో పేద కుటుంబానికి 560 చదరపు అడుగుల ఇంటిని పైసా తీసుకోకుండా ఇవ్వాలని నిర్ణయించడం చిన్న విషయం కాదు. మనకు లోటు ఉన్నది తాళాలు చేతికొచ్చిన మర్నాటి నుంచి. ఆ ఇంటిని, ఆ బ్లాకును, ఆ కాలనీని ఏ డబ్బుతో నిలబెట్టాలి, ఎవరి పేరున ఉంచాలి, అందులో ఉండేవాళ్ల తరఫున ఎవరు మాట్లాడాలి అన్న ఏర్పాటు మన పథకాల్లో లేదు. బాగా నడిచిన దేశాల్లో ఆ ఏర్పాటు ముందుగా జరిగింది, చెడిపోయిన చోట్ల అదే లోపించింది. నేను చెప్పదలచుకున్నదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

వియన్నాతో మొదలుపెడతాను. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి అది ఇళ్ల కరువుతో అల్లాడుతున్న నగరం. కార్మికుల కుటుంబాలు ఒకే గదిలో ఇరుక్కుని ఉండేవి. గది సంగతి అటుంచి, రాత్రి పడుకోవడానికి మంచం మాత్రమే కిరాయికి తీసుకునేవాళ్లు వేలల్లో ఉండేవారు. జడ్చర్ల దగ్గర పోలేపల్లి ఫార్మా కంపెనీల్లో పనిచేస్తూ, ఒక్కో గదిని నలుగురైదుగురు పంచుకుని షిఫ్టుల వారీగా పడుకునే పిల్లలను చూసినవారికి ఆ పరిస్థితిని ఊహించుకోవడం కష్టం కాదు. 1919లో నగరపాలక సంస్థ సోషల్ డెమోక్రాట్ల చేతికి వచ్చింది. నగర ఆర్థిక వ్యవహారాలు చూసిన హ్యూగో బ్రైట్నర్ 1923 నుంచి ఇళ్ల నిర్మాణం కోసమే ప్రత్యేకంగా ఒక పన్ను విధించారు. చిన్న ఇంటి మీద అది నామమాత్రంగా ఉండేది, పెద్ద పెద్ద భవనాల మీద భారీగా ఉండేది. ఆ పన్ను రాబడిని ఇళ్లకు తప్ప మరి దేనికీ వాడకూడదన్నది నియమం.

అప్పు తెచ్చి కట్టకుండా పన్ను డబ్బుతో కట్టినందువల్ల, ఉండేవాళ్ల దగ్గర వడ్డీలూ వాయిదాలూ వసూలు చేయాల్సిన అవసరం రాలేదు. కిరాయి నిర్వహణ ఖర్చుకు సరిపోయేంత ఉంటే చాలు, అంతే తీసుకున్నారు. 1934 నాటికి ఈ పద్ధతిలో 60 వేలకు పైగా ఇళ్లు కట్టారు. వాటిలో పేరుపొందినది 1927కూ 1930కీ మధ్య కార్ల్ ఎన్ అనే వాస్తుశిల్పి నమూనాతో కట్టిన కార్ల్ మార్క్స్ హోఫ్. కిలోమీటరుకు పైగా పొడవున్న ఆ సముదాయంలో 1,382 ఇళ్లతో పాటు బట్టలు ఉతుక్కునే శాలలు, పసిపిల్లల బడి, గ్రంథాలయం, వైద్యశాల కూడా ఉండేవి. 1934లో జరిగిన అంతర్యుద్ధంలో దాని మీద ఫిరంగులు పేల్చారు. తర్వాత నాజీల పాలన వచ్చింది, మరో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఇప్పటికీ అక్కడ కుటుంబాలు కిరాయికి ఉంటున్నాయి, ఇప్పటికీ అది నగరం ఆస్తే. ఈరోజు వియన్నా నగరపాలక సంస్థ చేతిలో దాదాపు 2,20,000 ఇళ్లు ఉన్నాయి. ఒక కుటుంబం ఖాళీ చేసిన ఇల్లు మరో కుటుంబానికి వెళుతుంది కనుక, వందేళ్ల క్రితం పెట్టిన ఖర్చు నాలుగైదు తరాలకు పనికొచ్చింది. అక్కడి సముదాయాల్లో ఉండేవాళ్లు తమలోంచి ప్రతినిధుల సభను ఎన్నుకుంటారు. మరమ్మతులు, ఉమ్మడి స్థలాల విషయంలో నగరపాలక సంస్థ వాళ్లతో మాట్లాడాలి.

ఇంగ్లండులో దీనికి విరుద్ధంగా జరిగింది. అక్కడ స్థానిక కౌన్సిళ్లు కట్టిన ఇళ్లలో లక్షల కుటుంబాలు కిరాయికి ఉండేవి. 1980లో మార్గరెట్ థాచర్ ప్రభుత్వం తెచ్చిన చట్టంతో, ఆ ఇంట్లో ఉన్నవాళ్లకు దాన్ని భారీ తగ్గింపు ధరకు కొనుక్కునే హక్కు వచ్చింది. కొన్న మొదటి తరం నిజంగానే బాగుపడింది, ఆ సంగతి దాచకూడదు. అయితే 20 లక్షలకు దగ్గరగా ఇళ్లు అలా అమ్ముడుపోయాయి, వాటి స్థానంలో కొత్తవి కట్టడం దాదాపు ఆగిపోయింది. అమ్మిన ఇళ్లలో పెద్ద భాగం చేతులు మారి ప్రైవేటు ఓనర్ల దగ్గరికి చేరి, ఎక్కువ కిరాయికి మళ్లీ పేదలకే వచ్చింది. స్కాట్లాండ్ 2016లో, వేల్స్ 2019లో ఆ హక్కును రద్దు చేశాయి.

మన దగ్గర ఇల్లు పూర్తిగా కుటుంబం పేరునే ఇస్తున్నాం. దీన్ని తప్పుబట్టేవారితో నేను ఏకీభవించను. ఇంటి ఆడమనిషి పేరున పట్టా ఉండటం వల్ల ఎందరి బతుకుల్లో ధైర్యం వచ్చిందో చూశాను. ఊర్లో సొంత జాగా ఉన్న కుటుంబానికి ఇందిరమ్మ పథకం కింద బేస్‌మెంటు, గోడలు, స్లాబు, పూర్తి అన్న దశల వారీగా మొత్తం 5 లక్షలు ఇవ్వడం సరైన పద్ధతే. కానీ పట్నానికి పని కోసం వచ్చి, జాగా లేక, కొనే స్తోమత లేక కిరాయి గదుల్లో ఉన్న మీవంటివారికి ఈ పథకాల్లో చోటు చాలా తక్కువ. మిర్యాలగూడ రైసుమిల్లుల్లో పనిచేసే బీహారు, ఒడిశా కూలీలకు, చౌటుప్పల్ కంపెనీల కార్మికులకు, నల్గొండలో గదులు తీసుకుని పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు ఇల్లు సొంతం చేయాల్సిన అవసరం కూడా లేదు, న్యాయమైన కిరాయికి దొరికితే చాలు. వియన్నాను మనం చూడాల్సింది ఇక్కడ. నగరపాలక సంస్థ తన పేరునే ఉంచుకుని, కిరాయికి మాత్రమే ఇచ్చే ఇళ్లు ప్రతి పట్నంలో కొన్నైనా ఉండాలి. 2024లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ రెండో దశలో సరసమైన కిరాయి ఇళ్ల కోసం ఒక విభాగం ఉంది. మన మున్సిపాలిటీలు దాన్ని అడిగి తెచ్చుకోవాలి, అడగమని మనం కౌన్సిలర్ల మీద ఒత్తిడి తేవాలి.

ఇక మీ అన్నగారి బ్లాకు విషయానికి వస్తాను. మోటారు కాలిపోవడం చిన్న సంగతిలా కనిపిస్తుంది కానీ, ప్రభుత్వ ఇళ్ల సముదాయాలు పాడుబడిన కథలన్నీ అలాగే మొదలయ్యాయి. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో 1950ల మధ్యలో ప్రూయిట్ ఐగో అనే సముదాయం కట్టారు. పదకొండేసి అంతస్తుల బ్లాకులు 33, మొత్తం 2,870 ఇళ్లు. కట్టడానికి కేంద్ర ప్రభుత్వం డబ్బు ఇచ్చింది. లిఫ్టులు, పైపులు, మెట్లు, చెత్త, కాపలా ఖర్చులన్నీ మాత్రం లోపల ఉన్నవాళ్లు కట్టే కిరాయిలోంచే రావాలన్నారు. నగరంలో పనులు తగ్గాయి, స్తోమత ఉన్నవాళ్లు వెళ్లిపోయారు, ఖాళీ ఇళ్లు పెరిగాయి, వసూళ్లు పడిపోయాయి. లిఫ్టు ఆగిపోతే బాగు చేయించే డబ్బు లేదు, చలికాలంలో పైపులు పగిలితే మార్చే డబ్బు లేదు. ఖర్చు రాబట్టడానికి కిరాయి పెంచుకుంటూ పోతే, కట్టలేనివాళ్లు మరింత కుంగిపోయారు. 1972లో కూల్చివేత మొదలైంది. చాలామంది ఆ వైఫల్యాన్ని ఎత్తైన భవనాల తప్పుగా చెప్తారు. నిర్వహణకు నిలకడైన డబ్బు లేకుండా కట్టడమే అసలు కారణమని నా అభిప్రాయం, ఎందుకంటే అంతకంటే ఎత్తైన ప్రభుత్వ బ్లాకులు సింగపూర్‌లో దశాబ్దాలుగా చక్కగా నడుస్తున్నాయి.

సింగపూర్‌ను మనం చాలా విషయాల్లో అనుసరించలేం. 1960లో గృహ నిర్మాణ మండలి ఏర్పడ్డాక, 1966 నాటి భూసేకరణ చట్టంతో ప్రభుత్వం భూమిని తక్కువ ధరకు తీసుకోగలిగింది. జనాభాలో నూటికి 80 మంది దాకా ఆ మండలి ఇళ్లలోకి చేరారు. ఇల్లు కొనుక్కున్నా దక్కేది 99 ఏళ్ల లీజు మాత్రమే. అదంతా వేరే రకమైన రాజ్యం. మనకు పనికొచ్చేది ఒక్కటుంది. 1988లో అక్కడ టౌన్ కౌన్సిళ్ల చట్టం తెచ్చారు. ప్రతి ఇల్లూ నెలనెలా నిర్వహణ రుసుము కడుతుంది, అందులో కొంత భాగాన్ని తప్పనిసరిగా విడిగా ఒక నిధిలో వేయాలి. ఆ నిధిని రోజువారీ ఊడ్పులకు వాడకూడదు. ఏళ్ల తర్వాత లిఫ్టు మార్చాల్సి వచ్చినప్పుడు, పైకప్పు బాగు చేయాల్సినప్పుడు, రంగులు వేయాల్సినప్పుడు మాత్రమే తీయాలి.

మీ అన్నగారి బ్లాకులో దీన్ని రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు. 24 ఇళ్లు నెలకు 150 రూపాయల చొప్పున వేసుకుంటే నెలకు 3,600 వస్తుంది. ఇంటికి 100 చొప్పున ఉమ్మడి మీటరు కరెంటు బిల్లుకు, ట్యాంకు కడిగించడానికి, మెట్లు ఊడ్చే మనిషికి వాడుకుని, మిగిలిన 50 చొప్పున విడి ఖాతాలో వేస్తే ఏడాదికి 14,400, ఐదేళ్లకు 72,000 నిలుస్తుంది. మోటారు వైండింగు చేయించాల్సి వచ్చినప్పుడు ఇల్లిల్లూ తిరిగి చందా అడిగే పరిస్థితి ఉండదు. ఆ చందా దగ్గరే మన కాలనీలన్నీ ఆగిపోతున్నాయి. కింది అంతస్తువాళ్లు తమకు నల్లా నీళ్లు వస్తున్నాయి కదా అంటారు, తాళం వేసి ఉన్న ఇంటివాళ్లు ఫోను ఎత్తరు, కిరాయికి ఉంటున్నవాళ్లు ఓనరును అడగమంటారు. నెలనెలా ఇవ్వాల్సిన మొత్తం ముందే తీర్మానమై, ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో మెట్ల కింది గోడ మీద రాసి ఉంటే ఈ మాటలు చాలావరకు తగ్గుతాయి. ఒక కాలనీలో మహిళా సంఘం లెక్కలు రాసే అలవాటున్న ఒకావిడ ఈ పని చేపట్టింది. నల్లరంగు పూసిన గోడముక్క మీద ఇంటి నంబరు, నెల, కట్టిన మొత్తం, ఖర్చు, మిగులు సుద్దముక్కతో రాసి, నెలాఖరున అందరి ముందు చదివి, తర్వాత పుస్తకంలోకి ఎక్కించి సంతకాలు తీసుకునేది. అక్షరం రానివాళ్లు కూడా తమ ఇంటి నంబరు పక్కన గీత ఉందా లేదా చూసుకునేవారు.

అయితే మొత్తం భారాన్ని ఉండేవాళ్ల మీదే వేయడం సరికాదు. సెయింట్ లూయిస్ కథ చెప్పేది ఇదే. అక్కడి ప్రభుత్వ ఇళ్లలో ఉండే కుటుంబాలు 1969లో కలిసికట్టుగా కిరాయి ఆపేశాయి, ఆ పోరాటం నెలల తరబడి సాగింది. అదే ఏడాది అమెరికా కాంగ్రెసు ప్రభుత్వ ఇళ్ల కిరాయి కుటుంబ ఆదాయంలో నాలుగో వంతు మించకూడదని సవరణ తెచ్చింది. పేదల ఇళ్లకు నిర్వహణ ఖర్చులో కొంత ప్రభుత్వమే భరించాలన్న సూత్రం అలా స్థిరపడింది. కనుక మీ బ్లాకు తరఫున మున్సిపాలిటీని అడగాల్సినవి ఉన్నాయి. సెప్టిక్ ట్యాంకు, మురుగు కాలువ, వీధి దీపాలు, కాలనీ రోడ్డు, ట్యాంకు దాకా నీళ్లు మున్సిపాలిటీ బాధ్యత. బ్లాకు లోపలి మోటారు, మెట్లు, పైపులు మీ బాధ్యత. ఈ గీత ఎక్కడ గీయాలో ఒకసారి కాగితం మీద రాయించి, కమిషనరు సంతకం తీసుకోగలిగితే సగం గొడవలు ఉండవు.

ఇప్పుడు ఉరుగ్వే గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే పాలమూరుకు అన్నిటికంటే దగ్గరగా ఉన్నది అదేనని నా నమ్మకం. దక్షిణ అమెరికాలోని ఆ చిన్న దేశంలో 1968లో జాతీయ గృహ చట్టం వచ్చింది. దాని కింద పరస్పర సహాయ సహకార సంఘాలు ఏర్పడ్డాయి, 1970లో అవన్నీ కలిసి ఫుక్వాం అనే సమాఖ్య పెట్టుకున్నాయి. పద్ధతి ఇది: కొన్ని పదుల కుటుంబాలు సంఘంగా నమోదవుతాయి. ప్రభుత్వం సంఘానికి అప్పు ఇస్తుంది, ఒక్కొక్క కుటుంబానికి విడివిడిగా ఇవ్వదు. ప్రతి కుటుంబం వారానికి 21 గంటలు నిర్మాణంలో పని చేయాలి, ఆ శ్రమే వాళ్ల వాటా. ఇంజినీరు, వాస్తుశిల్పి, లెక్కలవాళ్లు, సామాజిక కార్యకర్తలు ఉండే సాంకేతిక సహాయ సంస్థలను ఆ చట్టమే గుర్తించింది, వాళ్లను ఎంచుకునేది సంఘం. పని జరిగేటప్పుడు ఏ ఇల్లు ఎవరికో తెలియనివ్వకుండా, చివర్లో పంచుకోవడం చాలా సంఘాల్లో ఆనవాయితీ, అందువల్ల అందరి ఇళ్లూ ఒకే శ్రద్ధతో లేస్తాయి. కట్టాక యాజమాన్యం సంఘానిదే. కుటుంబానికి అందులో ఉండే హక్కు ఉంటుంది, అది పిల్లలకు వస్తుంది. వెళ్లిపోవాలనుకుంటే తమ వాటా విలువ తీసుకుని వెళ్లవచ్చు, కానీ ఇంటిని మార్కెట్లో అమ్ముకోలేరు. 1973 నుంచి 1985 వరకు అక్కడ సైనిక పాలన నడిచింది. ఆ ప్రభుత్వం ఈ ఇళ్లన్నిటినీ విడివిడి సొంత ఆస్తులుగా మార్చాలని చూసినప్పుడు, 1984లో సంఘాలవాళ్లు ఇంటింటికీ తిరిగి ఒక్క రోజులో లక్షల సంతకాలు సేకరించి ఎదురు నిలిచారు.

పాలమూరు కూలీలు కట్టని డ్యాము, కాలువ, భవనం ఈ దేశంలో తక్కువ. కూలీలను జట్టుగా పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని కుటుంబాలతో సహా వెళ్లి, ఏళ్ల తరబడి ఇతరుల ఇళ్లు కట్టిన మనుషులు నారాయణపేట, మక్తల్, కోస్గి ప్రాంతాల్లో ఊరూరా ఉన్నారు. రాయి పని, సెంట్రింగు, స్లాబు, ప్లాస్టరింగు తెలిసినవాళ్లు అదే ఊర్లో ఉండగా, ఇందిరమ్మ ఇల్లు మంజూరైన ఒంటరి ఆడమనిషి కూలి రేట్లకూ సిమెంటు ధరలకూ తట్టుకోలేక బేస్‌మెంటు దగ్గర ఆగిపోవడం చూస్తే బాధ కలుగుతుంది. ఒకే ఊర్లో ఇరవై ఇళ్లు మంజూరైతే, ఆ ఇరవై కుటుంబాలు కలిసి ఇసుక, సిమెంటు, ఇనుము ఒకేసారి తెప్పించుకుని, సెంట్రింగు సామాను ఒకటే కిరాయికి తెచ్చి, ఒకరి స్లాబుకు మరొకరు పని చేసుకుంటే ఖర్చు గణనీయంగా తగ్గుతుంది. దీనికి చట్టం మార్చాల్సిన అవసరం కూడా లేదు. మన గ్రామాల్లో పొదుపు సంఘాలు, వాటి సమాఖ్యలు ఉన్నాయి, తీర్మానం పుస్తకం రాసే అలవాటు ఉంది, బ్యాంకు లింకేజీ ఉంది. థాయిలాండ్ 2003లో బాన్ మంకోంగ్ అనే కార్యక్రమాన్ని సరిగ్గా ఇటువంటి పొదుపు సంఘాల మీదే నిలబెట్టింది. బస్తీవాళ్లే సర్వే చేసుకుని, పొదుపు చేసి, సహకార సంఘంగా అప్పు తీసుకుని, భూమిని ఉమ్మడిగా లీజుకు తీసుకోవడమో కొనడమో చేస్తారు. మన దగ్గర మహిళా సంఘాలను గేదెల లోన్లకూ కిరాణా కొట్లకూ వాడినంతగా ఇంటి పనికి వాడలేదు.

ఇక మీ రెండో ప్రశ్న, కిరాయిదారుల సంఘం. ఇందులో అందరూ చెప్పే ఉదాహరణ గ్లాస్గో. 1915లో, యుద్ధ సామగ్రి ఫ్యాక్టరీల్లో పనికి వేలమంది ఆ నగరానికి వచ్చినప్పుడు ఓనర్లు కిరాయిలు పెంచేశారు. మగవాళ్లు చాలామంది సైన్యంలో ఉన్నారు. గోవన్ ప్రాంతంలో మేరీ బార్బర్ అనే గృహిణి, ఆమెతోటి ఆడవాళ్లు మెట్లమెట్లకూ కమిటీలు పెట్టి పెంచిన కిరాయి కట్టబోమన్నారు. ఖాళీ చేయించే కోర్టు మనుషులు వస్తున్నారని తెలియగానే ఒకరు గంట మోగించేవారు, అందరూ చేతిలో పని వదిలేసి దిగివచ్చి దారికి అడ్డంగా నిలబడి పిండి విసిరేవారు. నవంబరు నాటికి దాదాపు 20 వేల కుటుంబాలు చేరాయి. ఆ నెల 17న కొందరిని కోర్టుకు లాగినప్పుడు ఫ్యాక్టరీల కార్మికులు పని ఆపి ఊరేగింపుగా వచ్చారు. ఆ ఏడాది ముగిసేలోపే బ్రిటిష్ పార్లమెంటు కిరాయిలను 1914 ఆగస్టు స్థాయిలో నిలిపివేస్తూ చట్టం చేసింది.

గొప్ప విజయమే, కానీ ఇక్కడ అలాగే చేయమని నేను ఎవరికీ సలహా ఇవ్వను, కారణం చెప్తాను. మన రాష్ట్రంలో అమల్లో ఉన్న 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం ప్రకారం ఉద్దేశపూర్వకంగా కిరాయి ఎగవేయడం ఖాళీ చేయించడానికి మొదటి కారణం. కిరాయి ఆపిన మరుక్షణం న్యాయం మీ వైపు ఉన్నా కేసు ఓనరు వైపుకు వెళుతుంది. గ్లాస్గోలో యుద్ధం నడుస్తోంది, ఫ్యాక్టరీలు ఆగితే ప్రభుత్వానికి గండం, అందుకే అది దిగివచ్చింది. నల్గొండలో అటువంటి పట్టు మనకు లేదు. ఆ చట్టం కిరాయిదారుకు రసీదు పొందే హక్కు ఇస్తుంది, నీళ్లూ కరెంటూ కత్తిరించకుండా రక్షణ ఇస్తుంది, న్యాయమైన కిరాయి నిర్ణయించమని అడిగే వీలు ఇస్తుంది. చిక్కు ఏమిటంటే, 2005 సవరణ తర్వాత కార్పొరేషన్లలో నెలకు 3,500, మిగతా పట్నాల్లో 2,000 రూపాయలు దాటిన కిరాయిలకు అది వర్తించదు. ఆ మొత్తానికి ఈరోజు పట్నంలో మంచి పోర్షన్ ఎక్కడ దొరుకుతుంది? అంటే మనలో చాలామంది ఆ రక్షణ బయటే ఉన్నారు. ఈ పరిమితులను పెంచమని అడగడమే తెలంగాణలో ఏ కిరాయిదారుల సంఘానికైనా మొదటి డిమాండు కావాలి.

ఆ చట్టం వర్తించకపోయినా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిన పని లేదు. నెలవారీ కిరాయి ఒప్పందాన్ని ముగించాలంటే, వేరే షరతు రాసుకోని పక్షంలో, ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. కోర్టు ద్వారా తప్ప బలవంతంగా సామాను బయట పడేస్తే, ఆరు నెలల లోపు దావా వేసి తిరిగి ప్రవేశం కోరే వీలుంది. వీటికి ఆధారం కావాలి కనుక కిరాయి నగదుగా ఇవ్వకండి. ఫోన్‌పేలో పంపేటప్పుడు ఏ నెల కిరాయో ఆ సందేశంలో రాయండి. అడ్వాన్సు ఇచ్చిన రోజున కాగితం మీద మొత్తం, తేదీ రాయించుకోండి.

స్వీడన్ పద్ధతి నాకు గ్లాస్గో కంటే మనకు దగ్గరగా అనిపిస్తుంది. 1923లో జాతీయ స్థాయిలో ఏర్పడిన అక్కడి కిరాయిదారుల సంఘంలో ఇప్పుడు 5 లక్షలకు పైగా కుటుంబాలున్నాయి. సంఘం ప్రతినిధులు ఓనర్ల ప్రతినిధులతో కూర్చుని ఏటా కిరాయి పెంపు ఎంత ఉండాలో ఒప్పందం చేసుకుంటారు, ఒక్కొక్క కుటుంబం ఓనరు ముందు ఒంటరిగా నిలబడాల్సిన అవసరం ఉండదు. పంటభూమి విషయంలో నల్గొండ ఈ పాఠాన్ని ఎవరికంటే ముందే నేర్చుకుంది. 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటంలో ఊరూరా ఏర్పడిన సంఘం వల్లనే వెట్టి ఆగింది. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టంతో రక్షిత కౌలుదారు అన్న హోదా వచ్చింది, దున్నేవాణ్ణి ఇష్టమొచ్చినప్పుడు వెళ్లగొట్టే వీలు లేకుండా పోయింది. భూమి మీద ఆ హక్కును సాధించిన జిల్లాలో ఇంటి కిరాయిదారుకు ఇప్పటికీ పదకొండు నెలల కాగితమే దిక్కు కావడం నన్ను ఎప్పుడూ కలచివేస్తుంది.

సంఘం నమోదుకు పెద్ద తతంగం లేదు. 2001 నాటి సొసైటీల నమోదు చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు. నిబంధనావళి, సభ్యుల పేర్లు, చిరునామా రుజువు, రుసుముతో జిల్లా రిజిస్ట్రారు దగ్గర నమోదు చేయించుకోవచ్చు. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు పెట్టండి, అందులో ఒకరు తప్పనిసరిగా మహిళ కావాలని నియమం రాసుకోండి. 2019 పురపాలక చట్టం ప్రకారం ప్రతి వార్డులో నాలుగు కమిటీలుండాలి. వాటిలో కాలనీవాళ్లూ కిరాయిదారులూ చేరితే నీళ్లు, మురుగు, దీపాల సంగతి నేరుగా అక్కడ లేవనెత్తవచ్చు. సొంత ఇల్లున్నవాళ్లే వార్డు మనుషులన్న అలవాటు మన పట్నాల్లో బలంగా ఉంది, ఓటరు జాబితాలో మీ పేరు ప్రస్తుత చిరునామాకు మార్పించుకోవడంతో అది సడలడం మొదలవుతుంది.

మీ ఓనరు గురించి. బెర్లిన్‌లో వేల ఇళ్లున్న కంపెనీల మీద జనం 2021లో రెఫరెండం పెట్టి, ఆ ఇళ్లను ప్రజల పరం చేయమని మెజారిటీతో ఓటేశారు. కానీ మన పట్నంలో ఓనరు అంటే అటువంటి కంపెనీ కాదు, తరచుగా కింద పోర్షన్‌లో ఉండే రిటైరైన పంతులు గారో, భర్త పోయి పై పోర్షన్ కిరాయి మీదే ఇల్లు గడుపుకునే అమ్మో అయి ఉంటారు. మీరు వారిని పెద్దాయనా అనో అమ్మా అనో పిలుస్తారు, పండగకు ఒకరింటి నుంచి ఒకరింటికి బూరెలు, సకినాలు వెళతాయి. ఇటువంటి చోట ఒక్కొక్క ఓనరు మీదికి సంఘం వెళ్లడం అన్యాయం, ప్రయోజనం కూడా ఉండదు. వార్డు మొత్తానికి ఒక నమూనా కిరాయి కాగితం తయారు చేసి, ఓనర్లను కూడా పిలిచి కూర్చోబెట్టి ఒప్పించడం మేలు. పదుల గదులు కట్టి షిఫ్టు కార్మికులకు తలకింత చొప్పున వసూలు చేసేవాళ్ల సంగతి వేరు, వాళ్లతో సంఘంగానే మాట్లాడాలి.

ఆ నమూనా కాగితంలో ఏం ఉండాలో చెప్పి ముగిస్తాను. కేంద్రం 2021లో రాష్ట్రాలకు పంపిన నమూనా కిరాయి చట్టంలో నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల కిరాయికి మించకూడదని, కిరాయి పెంచే ముందు మూడు నెలల రాతపూర్వక నోటీసు ఇవ్వాలని ఉంది. రాష్ట్రం తనదైన చట్టం చేసేదాకా అది ఎవరినీ కట్టిపడేయదు, కానీ ఇద్దరూ ఒప్పుకుని కాగితంలో రాసుకోవడానికి అడ్డేమీ లేదు. పెంపు ఏడాదికి ఒకసారే, ముందుగా అనుకున్న శాతం మేరకే. మోటారు, పైపు, గోడ చెమ్మ ఓనరు ఖర్చు, బల్బులూ నల్లా వాషర్లూ కిరాయిదారు ఖర్చు. కరెంటుకు విడి మీటరు, లేదంటే బిల్లు కాపీ చూపించి పంచుకోవాలి. ఖాళీ చేసేటప్పుడు సున్నం పేరుతో ఎంత పట్టుకుంటారో ముందే రాయాలి, మిగిలిన అడ్వాన్సు తాళాలు ఇచ్చిన రోజునే తిరిగి ఇవ్వాలి. మీ గల్లీలో నాలుగైదు కుటుంబాలు, ఒప్పుకునే ఇద్దరు ఓనర్లు దొరికితే ఈ కాగితాన్ని వచ్చే పదకొండు నెలలకు అమలు చేసి చూడండి. కాగితం రాసేటప్పుడు సందేహం వస్తే ఇక్కడే అడగండి, మీ అన్నగారి బ్లాకు తీర్మానానికి కూడా ముసాయిదా రాసి పెడతాను.